నల్ల పట్టీలు పోయాయని సంబరపడ్డాను

కొత్త టీవీ గోడకెక్కిన రోజే నేను దుకాణం వాళ్ళతో పోట్లాట పెట్టుకున్నాను. యాభై ఐదు అంగుళాల తెర. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గరి దుకాణంలో చూసినప్పుడు తెరంతా బొమ్మే. ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో సినిమా పెడితే పైన ఒక నల్ల పట్టీ, కింద ఒక నల్ల పట్టీ, మధ్యలో ఇరుక్కున్న బొమ్మ. పాడైన టీవీ అంటగట్టారనుకుని ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. నాకు కోపం ముందు, ఆలోచన వెనక. మా ఇంట్లో ఎవరినడిగినా ఈ మాటే చెప్తారు.

మర్నాడు దుకాణం నుంచి మెకానిక్ వచ్చాడు. తల నెరిసిన మనిషి, నిదానస్తుడు.

“టీవీ మంచిగనే ఉన్నదక్కా. సినిమాలు ఇంకా వెడల్పుగ తీస్తరు. పక్కలకు సరిపోయేసరికి పైనా కిందా ఖాళీ మిగుల్తది. గా ఖాళీనే ఈ నలుపు,” అన్నాడు.

“ఖాళీ చూసుకుంట కూసోనికా నేను కొన్నది? తీసెయ్యి.”

“తీస్తే అటూ ఇటూ బొమ్మ కోసుకపోతది మరి.”

“పోతే పోనీ. నాకు తెర నిండాలె.”

అతను రిమోట్‌లో ఏదో నొక్కాడు. బొమ్మ పెద్దదై తెరంతా పరుచుకుంది. ఏది పెట్టినా అలాగే వచ్చేలా చేసి, ఛాయ్ తాగి వెళ్ళిపోయాడు. గెలిచానని నేను సంబరపడ్డాను. ఆ సాయంత్రం సినిమా చూస్తూ మా అమ్మ, “మాట్లాడేటోడు కనిపిస్తలేడు బిడ్డా, చెయ్యొక్కటే ఊగుతున్నది,” అంది. ఉన్నకాడికి చూడమని కసిరాను.

మా అమ్మతో నేను ఎప్పుడూ అలాగే మాట్లాడేదాన్ని. ఎందుకో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను.

నా పెళ్ళికి రెండేళ్ళ ముందు బాపు పోయాడు. నేను ఒక్కదాన్నే సంతానం. భర్త లేని ఆడది లగ్నం వేళ పందిట్లో కనబడకూడదని మా వాళ్ళ కట్టుబాటు. కన్యాదానానికి చిన్నాయన, చిన్నమ్మ పీటల మీద కూర్చున్నారు. ముందురోజే అమ్మ చేతులు పట్టుకుని బతిమాలాను. “ఎవరేమన్నా నేను జవాబు చెప్త, నువ్వు బయటికి రా,” అన్నాను. “నువ్వు ఊకో,” అందే తప్ప వస్తాననలేదు. జీలకర్ర బెల్లం పెట్టే ముందు చిన్నమ్మను అడిగాను, అమ్మ ఏదని. “లోపల అర్రల ఉన్నది. తలుపేసుకున్నది,” అంది చిన్నమ్మ.

ఆ మాట ముల్లులా దిగిపోయింది. లోకానికి భయపడి కన్నబిడ్డ పెళ్ళి చూడని తల్లి కూడా ఉంటుందా అనుకున్నాను. ఏడాది తిరగకముందే నా మొదటి కాన్పు దక్కకుండా పోయింది. అప్పుడు కూడా అమ్మ దవాఖాన వరండాలో కూర్చుంది గాని నా మంచం దగ్గరికి రాలేదు. ఎంత రాతిగుండె అనుకున్నాను. కొన్నేళ్ళుగా ఆమె మా ఇంట్లోనే ఉంటోంది. వేళకు అన్నం పెడతాను, మందులిస్తాను, కాని ఏ చిన్న గొడవొచ్చినా “నువ్వు నా పెండ్లే చూడలే” అని పొడుస్తాను. ఆమె ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. ఆ మౌనం చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

టీవీ కొన్న కొన్నాళ్ళకు మా అమ్మాయికి సంబంధం ఖాయమైంది. రావిర్యాల దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం దానికి. ముహూర్తం పెట్టుకున్న రోజే, ఎవరూ అడగకముందే, “లగ్నమప్పుడు నేను అర్రల కూసుంటలే,” అంది అమ్మ.

“కూసో. నీకు అలవాటే కద,” అన్నాను నేను. మా అమ్మాయి నా వైపు అదోలా చూసి లేచిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం మా అమ్మాయే నా పెళ్ళి క్యాసెట్ సంగతి ఎత్తింది. ట్రంకు పెట్టెలోంచి తీసి, ఎక్కడో ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించిందట. మన ఇంటివాళ్ళు మాత్రమే చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టిందట. ఆ క్యాసెట్‌ను పెళ్ళైన కొత్తలో పద్నాలుగు అంగుళాల టీవీలో ఒక్కసారి చూశాను. నా చీర, నా నగలు తప్ప ఇంకేమీ చూసిన గుర్తు లేదు. అమ్మను కూడా పిలిచాం. “మీరు చూడుర్రి, నాకు చింతపండు పనుంది,” అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

తెర నిండా మా ఇంటి ముందు వేసిన పందిరి. నిలబడ్డవాళ్ళకు తలకాయల్లేవు, కూర్చున్నవాళ్ళకు మోకాళ్ళు లేవు. మా అమ్మాయి ఒకటే నవ్వు. గట్టి మేళం మొదలయ్యేసరికి వీడియో ఆపింది.

“మమ్మీ, గివి ఎవరి కాళ్ళు?”

పీటల వెనక ఇంటి గోడ, గోడ పక్కన డాబా మీదికి పోయే మెట్లు ఉన్నాయి. ఒక మెట్టు మీద రెండు పాదాలు, చీర కుచ్చిళ్ళు. ఆపైన తెర అయిపోయింది.

“ఎవరో అమ్మలక్కలు ఎక్కి చూస్తున్నరేమో,” అన్నాను.

“మనిషి మొత్తం రావాలె కద. ఈ టీవీని జూమ్‌ల పెట్టిందెవరు?”

“నేనే పెట్టించిన. నల్ల పట్టీలు వస్తున్నయని.”

అది నెత్తి కొట్టుకుంది. “పాత వీడియో ఇంచుమించు చదరంగ ఉంటది మమ్మీ. టీవీ అడ్డం పొడుగు. పెద్ద మంచం మీద చిన్న దుప్పటి పరిస్తే అటూ ఇటూ మంచం కనిపిస్తది కద, గట్ల నల్లగ కనిపిస్తది. గా జాగ నింపనీకి బొమ్మను పెద్దగ చేస్తే పైదీ కిందిదీ తెర బయటికి పోతది. గందుకే ఎవ్వరికీ తలకాయల్లేవు.”

రిమోట్ నొక్కింది. తెరకు అటొకటి ఇటొకటి నల్ల పట్టీలు వచ్చి నిలబడ్డాయి. బొమ్మ చిన్నదైంది. అప్పటిదాకా కనబడని గోడ పైభాగం, పై మెట్లు కనిపించాయి.

మెట్ల మీద మా అమ్మ.

కొంగు తల మీదుగా కప్పుకుని, గోడకు ఆనుకుని, కుడిచెయ్యి గుప్పిట బిగించి నిలబడి ఉంది. మా అమ్మాయి వీడియో కదిలించింది. నేను జీలకర్ర బెల్లం పెట్టాను. పందిట్లో అందరి చేతులూ అక్షింతలతో లేచాయి. మెట్ల మీది గుప్పిట కూడా లేచి తెరుచుకుంది. ఆమె వేసిన అక్షింతలు మా దాకా వచ్చాయో లేదో తెలియదు. వెంటనే వెనక్కి తిరిగి, మెట్లెక్కి, కనబడకుండా పోయింది. పందిట్లో ఒక్కరూ అటు చూడలేదు. నేనైతే తల వంచుకుని ఏడుస్తున్నాను, అమ్మ రాలేదని.

పెరట్లోకి ఎలా నడిచానో గుర్తు లేదు. అమ్మ పీట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

“అమ్మా, నా పెండ్లిల మెట్ల మీద నిలబడ్డది నువ్వేనా?”

ఆమె చేతులు ఆగిపోయాయి.

“గా క్యాసెట్ల పడ్డదా?” అంది. “ఎవరెవరు చూసిన్రు?”

“ఎవరు చూస్తే ఏంది? ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే? ఎన్ని మాటలన్న నిన్ను!”

“ఏం చెప్పాలె? ఒక్కసారి చూసి పోదామని వెనక నుంచి డాబా ఎక్కి గా మెట్ల మీదికి వచ్చిన. మనసు ఆగలే. ఏడాది తిరగకుండ నీ కడుపు పాయె. నేను చూసినందుకే పోయిందనుకున్న బిడ్డా. దవాఖానల నీ మంచం కాడికి రావాలంటె గూడ భయమైంది.”

“నాకు రక్తం తక్కువున్నదని డాక్టరమ్మ చెప్పింది కద!”

“చెప్పింది. గామెకేం తెలుస్తది అనుకున్న.”

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. చూడలేదని నేను ఇన్నేళ్ళు ఆమెను పొడిచాను. చూసిన పాపానికి నా మాటలు పడాల్సిందేనని ఆమె పడింది. ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడిస్తే, చింతపండు చేతులు నాకు తగలకుండా ఎత్తి పట్టుకుని, “ఊకో, ఊకో,” అంది.

చేతులు కడిగించి టీవీ ముందుకు తీసుకొచ్చాను. మా అమ్మాయి మళ్ళీ పెట్టింది. అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, తెరకు దగ్గరగా వంగి చూసింది.

“గంతసేపేనా నేను ఉన్నది?”

“ఏడెనిమిది సెకన్లు అమ్మమ్మా.”

“నాకు మస్తు సేపనిపించె.”

మా అమ్మాయి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. “నా పెండ్లికి పీటల కాడ మమ్మీ పక్కనే కూసోవాలె నువ్వు.”

“నలుగురు ఏమంటరు?”

“అననీ. జవాబు చెప్పనీకి నాకు నోరున్నది కద,” అన్నాను. ఈ నోరు ఇన్నేళ్ళూ ఆమె మీదే పారేసుకున్నాను గాని, ఆమె కోసం ఒక్కసారీ విప్పలేదు.

అమ్మ కళ్ళు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంది. నేను రిమోట్ కోసం చెయ్యి చాపాను.

“గా నల్ల పట్టీలు తియ్యకు బిడ్డా,” అంది. “ఉండనియ్యి.”