నీలం దారం అయిపోయిన వారం

లెమరీ అనే ఊళ్లో ఇస్కా ఏడిళ్లకు బట్టలుతికేది. మూటలు తారుమారు కాకుండా ఇంటికో రంగు దారంతో బట్ట అంచున ముడి వేసేది. మగ్తిబాయ్ వాళ్లది ఎరుపు, కోరింగ్ వాళ్లది నీలం. మొగుడూ పిల్లలూ లేని మనిషికి ఆ ముడులే గొప్ప.

ఊరి ఉత్సవాల వారంలో కొట్టు ముసలాయన్ని ఎవరో పొడిచి చంపారు. పారిపోతున్నవాడి వీపు ఇస్కా చూసింది. తొమ్మిదో నంబరు బాస్కెట్‌బాల్ బనియను. అది మగ్తిబాయ్ వాళ్లబ్బాయి రోడెల్‌ది.

"మొహం చూశావా?" అన్నారు కోర్టులో.

"మొహమెందుకయ్యా? ఆ బనియను ఉతికి మగ్తిబాయ్ వాళ్లింటికిచ్చింది నేనే."

ఆ వారం బనియను తన చేతికే రాలేదని రోడెల్ మొత్తుకున్నాడు. వినే నాథుడు లేడు. మరణశిక్ష పడింది.

మూడేళ్ల తర్వాత చొక్కా పోయిందని కోరింగ్ తగువుకొచ్చింది. "నా ముడి ఎప్పుడూ తప్పదే" అంది ఇస్కా.

"ఆహా, తప్పదూ! ఉత్సవాలప్పుడు నీలం దారం లేదని మా బట్టలకూ ఎర్రదే కట్టావు. ఆ తొమ్మిదో నంబరు మా మూటలో వచ్చింది. మా ఇంట అద్దెకున్నవాడు తొడుక్కుపోయాడు, మళ్లీ పత్తా లేడు."

అనేసి కోరింగ్ నాలుక కరుచుకుంది. "నేనేమీ అనలేదు పిన్నీ. కోర్టుకు మాత్రం రాను."

నిజమే, ఆ వారం బజారుదాకా పోవడానికి ఇస్కా బద్ధకించింది. ఆ బద్ధకానికి ఒక కుర్రాడి ప్రాణం!

"చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటే కోర్టు నమ్మదమ్మా. నిన్నే లోపలేస్తారు" అన్నాడు వకీలు.

"వెయ్యనీ."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకుందామని వెళ్తే కోర్టు మొదటి మాటే నిజమంది. ఆమెను లోపలా వేయలేదు. వేసి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదని ఆమెకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మాట మీద నిలబడని మనిషని ఊరు ఒక్కో మూటా మాన్పించింది. పూట గడవడానికి ఎండుచేపలు అమ్మింది. మరణశిక్షనే రద్దు చేయాలా వద్దా అని దేశమంతా వాదించుకుంటున్నప్పుడు, "హంతకుల్ని కూర్చోబెట్టి మేపాలా?" అన్నారు బజారులో.

"చంపేశాక తప్పని తేలితే ఎవరికి చెప్పుకోను?" అంది ఇస్కా. ఆ రోజు ఎవరూ చేపలు కొనలేదు.

చివరికి మరణశిక్ష రద్దయింది. రోడెల్‌కు ప్రాణం దక్కింది, బయటి బతుకు దక్కలేదు. యావజ్జీవం. ఈలోపు వాళ్లమ్మ పోయింది. చూడ్డానికి వచ్చే దిక్కు లేదు.

నెలకోసారి ఇస్కా బస్సెక్కి జైలుకు వెళ్తుంది. మొదటి ఏడాది అతను పలకలేదు. తర్వాత ఒకనాడు మాసిన బట్టలు ఆమె ముందుకు తోశాడు.

మరుసటి నెల ఉతికిన చొక్కా అందుకుని అంచు తిప్పి చూశాడు.

"ముడి వెయ్యలేదేం పిన్నీ?"

"ఒక్కడి బట్టలే కదా నాయనా ఉతికేది" అంది ఇస్కా. "ఇంకెవరి మూటలో కలుస్తాయి?"