అప్పనపల్లిలో తీసిన ఫొటోలు, అమలాపురంలో కొన్న కార్డు

రాజమండ్రిలో ఒకప్పుడు మా పక్కవాటాలో అద్దెకున్న వెంకటలక్ష్మి ఫోన్ చేసి, "అక్కా, రేపు ఆయన కువైట్ వెళ్ళిపోతున్నారండి. పాపతో ఒక్క ఫొటో తీసి పెడతారా?" అని అడిగింది. నా ప్రయాణానికి కారణం అదే. ఆమె భర్త సత్తిబాబు అక్కడ డ్రైవరు. పాప పుట్టినప్పుడు కూడా రాలేకపోయాడు. మూడేళ్ళకి నెల సెలవు దొరికి వస్తే, ఫోన్లో రోజూ ముద్దులు పెట్టే పిల్ల ఎదురుగా మనిషిని చూసి జడుసుకుందట. సెలవు అయిపోవచ్చినా ఆయన చేతుల్లోకి రాలేదట. అక్కడ మంచం పక్కన గోడకి అంటించుకోవడానికి, పాప తన దగ్గరున్న ఫొటో ఒక్కటి కావాలని ఆయన ఆశ. నాకు కెమెరా పిచ్చి ఉన్న సంగతి వాళ్ళకి తెలుసు.

పొద్దున్న ఆరింటి బస్సెక్కితే రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురానికి రెండు గంటల పైనే పడుతుంది, టికెట్టు నూట చిల్లర. కొత్తపేటలో సంచి తెరిచి చూస్తే కెమెరా ఉంది, మెమరీ కార్డు లేదు. ఇంట్లో కంప్యూటరుకే వదిలేసి వచ్చాను. అమలాపురంలో మా ఆడపడుచు భర్తకి ఎలక్ట్రానిక్స్ కొట్టుంది కదా అని ధైర్యం. తొమ్మిది దాటితే గాని తీయని షట్టరు నాకోసం ఎనిమిదిన్నరకే ఎత్తారు. "కాఫీ తాగందే కదలడానికి లేదమ్మా" అన్నారు. నూట ఇరవై ఎనిమిది జీబీ కార్డు ఇచ్చి, బయటి ధరలో సగమే తీసుకున్నారు.

అట్ట మీద అక్షరాలు అలికినట్టున్నాయి. సీలు ఒకసారి ఊడదీసి మళ్ళీ అంటించినట్టుంది. చూశాను, చూసి కూడా నోరెత్తలేదు. కాఫీ ఇచ్చిన అన్నయ్యగారిని బిల్లెలా అడుగుతాం? ఆయన ముందే అట్ట చింపి పరీక్ష ఎలా చేస్తాం? మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఎప్పుడో చెప్పింది. వినే బుద్ధి నాకే లేదు.

రాజోలు బస్సులో బోడసకుర్రు వంతెన దాటి, పదింటికి వాళ్ళ ఊరు నగరంలో దిగాను. ఇంటి దగ్గర వీడియోలు, ఫొటోలు చాలానే తీశాను. అన్నిట్లోనూ పాప తల్లి చీర కుచ్చిళ్ళ వెనకే ఉంది. అప్పనపల్లి గుడికి వెళ్ళొద్దామని ఆటో మాట్లాడారు, రానూపోనూ మూడొందలు. బయల్దేరేటప్పుడు నేనే అన్నాను, "ఫోన్లు ఇంట్లో పెట్టేయండి, ఫొటోల్లో చేతులు అడ్డమొస్తాయి" అని.

దర్శనమయ్యాక వైనతేయ గోదావరి ఒడ్డున నడుస్తుంటే పాప చెప్పు బురదలో దిగబడిపోయింది. సత్తిబాబు పంచె ఎగగట్టి దిగి, చెప్పు తీసి, కడిగి, గట్టు కింద కూర్చుని కాలికి తొడిగాడు. పడిపోకుండా పాప ఆయన జుట్టు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆయన లేస్తుంటే మెడ చుట్టూ చేతులు వేసేసింది. వెంకటలక్ష్మి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆపకుండా నొక్కుతూనే ఉన్నాను. తీసిన ప్రతి ఫొటో కెమెరా తెర మీద ఒక్క క్షణం కనబడి పోతోంది.

"పడిందాండీ అక్కగారూ?" అన్నాడు సత్తిబాబు, కదిలితే పాప దిగిపోతుందేమోనని భయపడుతున్నట్టు.

"పడింది" అన్నాను.

మూడింటికి హైదరాబాదు కారొచ్చింది, ఆయన వెళ్ళిపోయాడు. వారం తర్వాత కువైట్ వెళ్ళే వాళ్ళ పక్కింటాయనతో ఫొటో పంపుదామని, ఆ సాయంత్రమే ప్రింటు వేయించడానికి షేర్ ఆటోలో రాజోలు వెళ్ళాను. స్టూడియో ఆయన కార్డు తెరిచారు. ఇంటి దగ్గర తీసినవన్నీ ఉన్నాయి. అప్పనపల్లివి ఒక్కటీ తెరుచుకోలేదు.

"పైన నూట ఇరవై ఎనిమిదని ఉందండి, లోపల ఎనిమిదేనండి. నిండేక కూడా తీసినట్టే చూపిస్తాది గానీ దాచదండి."

"ఏదైనా సాఫ్టువేరుతో తేలేమా?"

"రాయనిది ఎక్కణ్ణించి తెస్తామండీ?" అని, తన కార్డు పక్కన నాది పెట్టి చూపించారు. నా దాని అంచులు గరుకు, అచ్చు పల్చన. "ప్రింటరు ఇంకులూ అంతేనండి. దొంగ ఇంకుతో వేసిన ఫొటోలో మొహాలు ఏడాది తిరక్కుండా పచ్చబడిపోతాయండి."

అమలాపురం ఫోన్ చేస్తే అన్నయ్యగారు నొచ్చుకున్నారు. "మా తోడల్లుడు తెచ్చిచ్చేడమ్మా. ఆయన్ని బిల్లేం అడుగుతాం?" అన్నారు. ఏమని దెబ్బలాడను? నేను చేసిందీ అదే.

తిరుగుదారిలో నగరంలో దిగి చెప్పాను. వెంకటలక్ష్మి నన్ను తిట్టినా బాగుండేది. "ఆయనకిప్పుడే చెప్పకండక్కా, ఇంకా దారిలోనే ఉన్నారు" అంది.

కార్డులో మిగిలినవన్నీ పాప మొహం తిప్పుకున్నవే. వాటిలో ఒకటి పంపాం. ఆయన దాన్నే గోడకి అంటించుకున్నారట. మళ్ళీ సెలవు రెండేళ్ళకి. అప్పటికి పాపకి చెప్పు సంగతి గుర్తుంటుందా? ఉండదు. మొదటిరోజు లాగే మళ్ళీ చీర చాటుకే పోతుంది. ఆ పిల్ల ఒక్కసారి తండ్రి మెడ పట్టుకుందనడానికి లోకంలో ఆధారమంటూ లేదు, లేకుండా చేసింది నేను. ఈ దిగులు పోయేది కాదు.

మీరు ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్క మాట. కొత్త కార్డు ఎవరి దగ్గర కొన్నా, అన్నయ్యగారైనా సరే, బిల్లు అడగండి. ఇంట్లోనే ఏదో ఒక వీడియోతో అంచుదాకా నింపి, చివరిదాకా తెరుచుకుంటోందో లేదో చూడండి. పక్కవాళ్ళ ఫోన్లు మాత్రం వాళ్ళ చేతుల్లోనే ఉండనివ్వండి.