దీని మోత వేరు

2022 మార్చి. హౌరాలో ఒక పాత సబ్బుల కర్మాగారం. నేను న్యూ టౌన్‌లో ఒక డిజైన్ ఆఫీసులో స్ట్రక్చరల్ ఇంజనీరుని. ఉక్కు కట్టడాలు ఎంత బరువుకు నిలుస్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. అప్పటికి పదిహేడేళ్ల అనుభవం, దానికి తగ్గ పొగరూ ఉండేవి.

ఆ కర్మాగారంలో ఆరు ఉక్కు స్తంభాల మీద ఒక ప్లాట్‌ఫాం, దాని మీద ద్రవ సబ్బు నిండుగా ఉన్న ట్యాంకు. కింద బల్లల దగ్గర పది పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చుని పగలంతా సీసాలకు మూతలు బిగిస్తుంటారు. కొత్త పైపు వేయడానికి రెండు స్తంభాల మధ్య ఏటవాలుగా ఉన్న ఒక ఉక్కు బద్ద, అంటే బ్రేస్, అడ్డొస్తోంది. దాన్ని విప్పేయవచ్చా అని నన్ను అడిగారు.

మా రంగంలో ఒక సూత్రం ఉంది. నిలువు బరువును, అంటే గ్రావిటీ లోడ్‌ను, స్తంభాలు మోయాలి. గాలి, భూకంపం లాంటి పక్క తోపులను బ్రేస్‌లు ఆపాలి. మోడల్‌లో బ్రేస్‌ను దాని మానాన వదిలేస్తే సాఫ్ట్‌వేర్ నిలువు బరువులో కొంత వాటా దానికి పంచేస్తుంది. అప్పుడు స్తంభం మీద భారం తక్కువున్నట్టు కనబడి మోసం చేస్తుంది. అందుకే గ్రావిటీ లెక్కలో బ్రేస్‌లను పక్కనపెట్టి, బరువంతా స్తంభాల మీదే వేస్తాం. నేనూ అలాగే చేశాను. ఆరు స్తంభాలూ భద్రమేనన్నట్టు తెరమీద ఆకుపచ్చగా వచ్చాయి. పక్కనున్న రెండు స్తంభాల మధ్య కొత్త బ్రేస్ బిగించి పాతది విప్పవచ్చని రాసి సంతకం పెట్టాను. కింద పనిచేసేవాళ్లను లేపనక్కర్లేదని కూడా చేర్చాను.

పని చేయడానికి వచ్చినాయన దానియేలు గారు. అరవై దాటిన రిగ్గర్. బరువైన ఉక్కును ఎత్తి, దించి, బిగించే మనిషి. వాళ్ల తాత టెక్కలి వైపు నుంచి ఇక్కడి మెటియాబ్రుజ్‌కి రేవు పనికి వచ్చి అక్కడే ఉండిపోయారట. నేను ఫోన్‌లో అమ్మతో తెలుగులో మాట్లాడుతుంటే విని, "మనోలేటమ్మా?" అని ముఖమంతా నవ్వుతో పలకరించారు.

కొత్త బ్రేస్ బిగించడం అయింది. పాతది విప్పే ముందు ఆయన చిన్న సుత్తి తీసుకుని పాత బ్రేస్‌లన్నిటినీ ఒక్కో దెబ్బ కొట్టుకుంటూ వచ్చారు. విప్పాల్సినదాని దగ్గర ఆగి మళ్లీ కొట్టారు. చేతిలో పానా కింద పెట్టేశారు.

"దీని మోత వేరేగున్నాదమ్మా."

ఉక్కగా ఉంది, మధ్యాహ్నం నాకు ఇంకో మీటింగు ఉంది. "ఇనుమన్నాక మోగదా అండీ? మోత ఎలా ఉంటే ఏంటి?" అని విసుక్కున్నాను.

"సప్పుడు గురించి కాదమ్మా నాను సెప్తన్నది. బరువు మోత. ఇది మోస్తన్నాది."

"బ్రేస్ నిలువు బరువు మోయదండీ. నేను లెక్క చూశాను."

"లెక్కలో మొయ్యదేమో. ఇక్కడ మోస్తన్నాది. మీరే సూడండి" అంటూ సుత్తి నా చేతికిచ్చారు.

కొట్టాను. మిగతావి దబ్బుమని ఊరుకున్నాయి. ఇది ఖంగుమంది, ఆ వణుకు నా మోచేతిదాకా వచ్చింది. గట్టిగా లాగి పట్టిన ఉక్కే అలా మోగుతుంది. గాలి లేదు, భూకంపం లేదు. మరి దీన్ని లాగుతున్నదేమిటి?

"దాదా, వీళ్లందరినీ ముందు బయటికి పంపండి!" అని సూపర్‌వైజర్ మీద అరిచాను. ఆడవాళ్లు "కీ హోలో, దీదీ?" అని ఏమైందో అడుగుతూ సీసాలు వదిలేసి లేచారు.

ఆ బ్రేస్ కింది కొస బిగించిన స్తంభం అడుగు చుట్టూ సిమెంటు దిమ్మ పోసి ఉంది. దాన్ని పగలగొట్టించాం. స్తంభం పాదానికి ఉండే ఉక్కు పలక, బేస్ ప్లేట్, బయటపడింది. దాని కింద ఉండాల్సిన సిమెంటు లేదు. ఏళ్ల తరబడి నేల కడిగిన నీళ్లు దాన్ని కొంచెం కొంచెంగా తినేశాయి. దానియేలు గారు స్టీలు స్కేలు దూరిస్తే ఇటునుంచి అటు వచ్చేసింది. ఆ స్తంభం నేలను తాకడమే లేదు. ట్యాంకు బరువులో తన వాటాతో సహా, పక్క స్తంభం తలకు కట్టిన ఆ ఒక్క బ్రేస్‌ను పట్టుకుని వేలాడుతోంది.

నాకు భయమేసింది, కాదనను. కానీ అంతకు మించిన ఆశ్చర్యంతో ఒళ్లు గగుర్పొడిచింది. ఎవరూ మోయమనకుండా, ఎవరి లెక్కలోనూ లేకుండా, ఓ ఉక్కు బద్ద ఎన్నాళ్లుగానో ఇంతమంది తలల మీద ఇంత బరువును ఆపి ఉంచింది. దానికి దండం పెట్టాలనిపించింది. ఎవరూ చూడకుండా పెట్టాను కూడా.

ట్యాంకు ఖాళీ చేయించి, జాకీలు పెట్టి, పాదం కింది ఖాళీ నిండేలా గ్రౌట్, అంటే జారుడు సిమెంటు, పోయించి, అది గట్టిపడ్డాకే ఆ బ్రేస్ విప్పాం. ఆ రోజు టీ తాగుతూ దానియేలు గారిని అడిగాను. "నేను సంతకం పెట్టాను కదా, అయినా ఎందుకు కొట్టి చూశారు?"

"సంతకం మంచిదేనమ్మా" అన్నారాయన. "మరి కింద నిలబడీది నాను గదా!"

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. అందుకే నాకు మరింత సిగ్గేసింది.

మా సూత్రం తప్పు కాదు. ఇవాళ్టికీ గ్రావిటీ లెక్కలో బ్రేస్‌లను పక్కనపెడుతూనే ఉన్నాను. తప్పు వేరేచోట ఉంది. మోడల్‌లో ప్రతి స్తంభం అడుగునా చిన్న త్రికోణం గుర్తు పెట్టి దాన్ని సపోర్ట్ అంటాం. ఒక్క క్లిక్ చాలు. అక్కడ నేల ఉందని కంప్యూటర్‌కు చెప్పింది నేనే. వంగి చూడనిదీ నేనే.