రెండోసారి అడిగే మనిషి

మా మాస్టారు పోయారని పోయిన నెల ఒక గురువారం పొద్దున్న ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. నేను తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో కూర్చుని, ఆయనా నేనూ కలిసి మొదలుపెట్టిన పేజీనే సరిచేస్తున్నాను. ఆయన పట్టుబట్టి రాసిన లైను అప్పటికే అందులో లేదు. మెసేజ్ కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు పడ్డాయి. కాసేపటికే ఎవరో మధ్యాహ్నం మీటింగు ఎన్నింటికని అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆయన గూడెంలో ఇంజనీరింగ్ కాలేజీలో నాకు పాఠాలు చెప్పారు. చదువయ్యాక నాకు ఉద్యోగం వద్దండీ అంటే ఊరుకోక, మళ్ళీ మళ్ళీ అడిగి అప్లికేషన్ పెట్టించారు. నన్ను అన్నిసార్లు అడిగిన మనిషి మా ఇంట్లో కూడా లేరు. రిటైరయ్యాక ఏలూరులో ఖాళీగా కూర్చోలేక నేను పనిచేసే కంపెనీలోనే చేరారు.

మా పనేమిటో చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించేవాళ్ళు ఏ పరీక్ష చేశారో, ఏది పాసయిందో, ఏది ఫెయిలయిందో దాచుకునే టూల్ ఒకటుంది. ఇన్నాళ్ళూ దాన్ని మనుషులే వాడేవారు. ఇప్పుడు మనం చెబితే ఏఐ ఏజెంట్లు, అంటే మన బదులు పనులు చేసిపెట్టే ప్రోగ్రాములు, వాడుతున్నాయి. అవి చదివి పనిచేయడానికి వీలుగా ఆ టూల్ గురించి ఒక పేజీలో రాసిపెట్టడం మా ఉద్యోగం. మనుషులకి రాసేటప్పుడు కాస్త అటూ ఇటూ అయినా ఫోన్ చేసి కనుక్కుంటారు. వీటికి ఆ అలవాటు లేదు. "మొహమాటం తెలియనివాళ్ళకి రాస్తున్నామమ్మా, జాగ్రత్తగా రాయాలి" అనేవారు మాస్టారు.

ఆయనది కొల్లేటి పక్క ఊరు, ఆకివీడుకి దగ్గర. ఏలూరులో వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా భోజనం చెయ్యకుండా పంపేవారు కాదు. నేను వద్దండీ అంటాను. మన వైపు మొదటి వద్దుని ఎవరు లెక్కచేస్తారు? మళ్ళీ అడిగేవారు. మళ్ళీ వద్దండీ. మూడోసారికి కంచం పెట్టి ఉండేది. చేపల పులుసు దగ్గరా ఇదే వరస. నేను కంచం మీద చెయ్యి అడ్డం పెట్టడం, ఆయన గరిటె పట్టుకుని నిలబడడం. ఒకసారి విసుగొచ్చి, నిజంగానే వద్దంటున్నానండీ అన్నాను. "రెండోసారి అడక్కపోతే నీది మొహమాటమో, కడుపు నిండిందో నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నారు. గరిటె మాత్రం దించలేదు.

ఈ మాటే చివరికి మా పేజీలోకి వచ్చింది. భీమవరం నుంచి పనిచేసే మా కంపెనీ అమ్మాయి, చేపల చెరువులో ఆక్సిజన్ తగ్గితే రైతుకి ఫోన్ మోగించే యాప్‌ని మా టూల్ పెట్టుకుని పరీక్షిస్తోంది. పాత ఫలితాలన్నీ తీసేయమంటారా అని ఏజెంటు అడిగింది. ఆ పిల్లకి ఇష్టం లేదు. కానీ మన పిల్ల కదా, కాదని మొహాన అనలేక "మీ ఇష్టమండీ" అని టైపు కొట్టింది. యంత్రానికి అండీ ఏమిటని నవ్వకండి, అలవాటు. మనలో ఎవరైనా ఆ మాట వింటే వెనక్కి తగ్గుతారు. ఏజెంటు మొత్తం తుడిచేసింది. నెలల పని మళ్ళీ చెరువు గట్ల వెంట తిరిగి చేసుకోవలసి వచ్చింది. అందరూ ఆ పిల్లని తిట్టారు, నేనూ తిట్టాను. మాస్టారు మాత్రం పేజీలో ఒక లైను చేర్చారు. తీసేసే పనైతే ఒకసారి అడిగి ఊరుకోవద్దు, ఏమేం పోతాయో పేర్లతో చెప్పి మళ్ళీ అడుగు, అని.

ఆ లైను మీద హైదరాబాదు ఆఫీసువాళ్ళ కన్ను పడింది. రెండేసిసార్లు అడుగుతుంటే పని నెమ్మదిస్తోందని, కస్టమర్లు విసుక్కుంటున్నారని వాళ్ళ గొడవ. అప్పటికే మాస్టారికి కిడ్నీలు పాడై ఏలూరు ఆసుపత్రిలో డయాలిసిస్ జరుగుతోంది. ఒక చేతికి గొట్టాలు, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని మీటింగుల్లో మాట్లాడేవారు. తన కోసం ఏనాడూ ఏమీ అడగని మనిషి, ఆ ఒక్క లైను ఉంచమని బతిమాలారు. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా నన్ను అడిగే మొదటి ప్రశ్న అదే. "ఆ లైను ఉందా అమ్మా?" ఉందండీ అంటే, మళ్ళీ, "చూసే చెప్తున్నావా?" అనేవారు. ఫోన్ తీసి చూపిస్తేగానీ కళ్ళు మూసుకునేవారు కాదు.

చివరికి తీసేశారు. నేను అరవగలిగినంత అరిచాను. మీ బాధ మాకు అర్థమైందన్నారు, తీసేశారు. మర్నాడు పాసింజరు బండిలో ఏలూరు వెళ్తూ, ఈ మాట ఆయనకెలా చెప్పాలా అని దారంతా కుమిలిపోయాను.

ఆయన అడగలేదు. నన్ను చూసి తల ఊపారు, అంతే. ఉండబట్టలేక ఆయన భార్య చేతిలో గిన్నె నేను తీసుకుని, రెండు చెంచాలు జావ తాగండి మాస్టారూ అన్నాను. "వద్దమ్మా" అన్నారు. మళ్ళీ అడిగాను. వద్దమ్మా అన్నారు. ఆయన దగ్గర నేర్చుకున్నదే కదా, మూడోసారీ అడిగాను. అదే గొంతు, అదే మాట. అమ్మగారు గోడవైపు తిరిగిపోయారు. నిజమైన వద్దు ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. లైను సంగతి చెప్పకుండానే వచ్చేశాను. ఆ వారంలోనే పోయారు.

పెద్దకర్మ వాళ్ళ ఊళ్ళో చేశారు. చెరువుల మధ్య షామియానా వేసి, క్యాటరింగ్ వాళ్ళని పెట్టారు. మా వెనక ఇంకో బంతి ఎదురుచూస్తోంది కాబట్టి వడ్డించేవాళ్ళు తొందర తొందరగా తిరుగుతున్నారు. వాళ్ళ తప్పేం లేదు. గారెల బుట్టతో ఒకతను నా ముందు ఆగి, వెయ్యమంటారా అండీ అని అడిగాడు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, ఆకలిగానే ఉంది. అయినా అలవాటుగా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి వద్దండీ అన్నాను.

అతను పక్క విస్తరికి వెళ్ళిపోయాడు. నేను చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చున్నాను.