అక్క దాచమన్న కబురు

మా అక్క పోయిందని ఆమదాలవలసలో కూరగాయల బండివాడికి కూడా ఆ పొద్దుటే తెలిసిపోయింది. తెలియకుండా దాచింది ఒక్క మా మనవరాలికే. దాచమన్నదీ అక్కే. పోతూ పోతూ ఆ పని నా నెత్తిన పెట్టి పోయింది.

అక్క అంటే తోడబుట్టినది కాదు, నా పెద్ద తోటికోడలు. ఒకే వంటింట్లో ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం. బియ్యం కొట్టు మగవాళ్ళు చూసుకునేవారు, ఇల్లు అక్క చూసుకునేది, అందరి గురించీ బెంగపడే పని నేను చూసుకునేదాన్ని. రైలెక్కాలంటే నేను గంట ముందే స్టేషన్లో ఉండాలి. అక్క మాత్రం కూత వినపడ్డాక చీర మార్చుకునేది. "రైలు రాకముందెళ్ళి ఏటి సేస్తావే, పట్టాలు తుడుస్తావా?" అనేది. ఒక్కసారైనా రైలు తప్పితే బుద్ధొస్తుందని చూశాను. తప్పలేదు. అదీ నా ఉక్రోషం.

మా వీధిలో పుట్టిన పసిపిల్లలందరికీ నీళ్ళు పోసింది అక్కే. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్ళు పోశాక సాంబ్రాణి పొగ వేసేది. మా అబ్బాయి కూతురు చిన్నప్పటి నుంచీ పక్కనే కూర్చుని చెంబు అందించేది. ఆ పిల్లే డిగ్రీ అయ్యాక జర్మనీ వెళ్తానంది. ఒక ఇంట్లో ఏడాది పాటు ఉండి వాళ్ళ పిల్లల్ని చూసుకోవాలట, తిండీ గదీ వాళ్ళే ఇస్తారట, భాష వస్తుందట, తర్వాత అక్కడే నర్సు చదువు చదువుకోవచ్చట. దాన్ని ఓపేర్ అంటారట.

నాకు బెంగ మొదలైంది. ఎవరింట్లోనో, ఎలాంటివాళ్ళో, ఏం పెడతారో. చుట్టాలు ఊరుకుంటారా? మా చిన్న ఆడపడుచు ఇంటికి వచ్చి మరీ అడిగింది, "డిగ్రీ సదివించి ఆయా పనికి పంపుతన్నారేటి వదినా?" అని. నేను తల దించుకున్నాను. అక్క దించుకోలేదు. "నీ మనవడికి నేను నీళ్ళోసినప్పుడు నన్ను ఆయా అన్నావేటే? సీరెట్టి దణ్ణమెట్టినావు కదా" అంది. ఆడపడుచు కాఫీ తాగకుండా లేచిపోయింది. వెనకాలే వెళ్ళి బుజ్జగించే పని మళ్ళీ నాదే.

పిల్ల వెళ్ళింది. వెళ్ళిన కొన్నాళ్ళకే, అక్క పెట్టెలో పెట్టి పంపిన సాంబ్రాణి ఆ ఇంట్లో వెలిగించింది. పసిదానికి నూనె రాయడం, నీళ్ళు పోయడం ఆ తల్లికి నచ్చిందట. పొగ సంగతి ముందుగా చెప్పాలని మా పిల్లకు తోచలేదు. ఇంటి కప్పుకు పొగ తగిలితే మోగే గంటలుంటాయట, అవి మోగి, మేడ మీదవాళ్ళూ కిందవాళ్ళూ రోడ్డు మీదకి వచ్చేశారట, ఫైరింజను కూడా వచ్చిందట. పంపేస్తారేమోనని పిల్ల ఫోన్లో ఏడ్చింది. నాకు ముద్ద దిగలేదు. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక ఫోను లాక్కుని ఆ తల్లిని పిలవమంది. ఆమెతో తెలుగులోనే, "అమ్మా, తప్పు నాది, గుంటది కాదు. పొగెయ్యమన్నది నేను. ఇంకెయ్యదు, ఉంచుకోండి" అంది. పిల్ల ఆ మాటలు వాళ్ళ భాషలో చెప్పింది. ఉంచుకున్నారు. అందరూ అక్కని మెచ్చుకున్నారు. నేను పడ్డ బెంగ ఎవరికీ లెక్కలోకి రాలేదు.

ఎండలు ముదిరాక అక్కకు గుండె బలహీనపడింది. ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుంది. "ఒలే, గుంటకి సెప్పకు. సెప్తే సదువు నేదు, ఏటి నేదు, వచ్చెస్తాది. ఏడాది అవ్వనీ."

"నా వల్ల కాదక్కా. నా మొహం సూస్తే తెలిసిపోతాది."

"అయితే మొహం సూపించకు" అంది. ఆ వారంలోనే పోయింది. ఎప్పుడూ ఇంతే. చెప్పేది తను, పడేది నేను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పిల్ల ఫోన్ చేసి పెద్దమామ్మని పిలవమనేది. పడుకుంది అన్నాను. గొంతు బొంగురుపోయింది అన్నాను. ఏమీ తోచక శ్రీముఖలింగం వెళ్ళిందన్నాను. దేవుడి పేరు మీద కూడా నా చేత అబద్ధమాడించింది. "పొద్దున్నెళ్తే మజ్జాన్నానికి వచ్చీవచ్చు కదా మామ్మా. ఇన్నాళ్ళుగా అక్కడేటి సేస్తంది?" అంది పిల్ల. మా అబ్బాయినడిగితే, "ఇంకొన్నాళ్ళే అమ్మా, ఓర్చుకో" అన్నాడు. వాడికేం, వాడు ఫోను ఎత్తడు.

మొన్న పిల్ల వీడియో కాల్ చేసింది. టేబుల్ దగ్గర కూర్చుని ఆపిల్ కోస్తోంది. తలెత్తకుండానే అడిగింది, "మామ్మా, పెద్దమామ్మ పోయిందా?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అది కత్తి పక్కన పెట్టింది.

"నన్ను రమ్మంటావా?"

అది వెళ్ళిన రోజు నుంచీ నేను కోరుకున్నది అదే. వచ్చెయ్ తల్లీ అందామని నోరు తెరిచాను. "ఏడాది అవ్వనీ" అన్నాను. ఆ మాట నాది కాదు. నా నోట్లోంచి కూడా తన మాటే వచ్చినందుకు అక్క మీద ఇప్పటికీ కోపంగానే ఉంది.

లోపల పసిది లేచి ఏడుపందుకుంటే, పిల్ల ఫోను అక్కడే నిలబెట్టి వెళ్ళింది. టేబుల్ మీద ఆపిల్ ముక్కలు, చిన్న పళ్ళెం కనిపిస్తున్నాయి. లోపలి నుంచి దాని గొంతు మన మాటల్లోనే వినిపించింది, "ఏటమ్మా, ఏటయింది, నేనున్నాను కదా" అని. పసిదాని ఏడుపు తగ్గింది. తర్వాత మా పిల్లది మొదలైంది. నేను ఫోను కట్ చెయ్యలేదు. ఆపిల్ ముక్కలు మెల్లగా రంగు మారుతుంటే చూస్తూ కూర్చున్నాను.