ఇరవయ్యొక్క దినాల బకెట్టు

కె.ఆర్.పురంలో సొన్నప్ప పెంచిన ఎర్ర రొయ్యలు ఆయన మాట వినేవి. గాజుతొట్టి మీద వేలితో తట్టి కుడిపక్కకు అంటే రెండు వందల రొయ్యలూ కుడిపక్కకు కవాతు చేసేవి. రైల్వే స్టేషను దగ్గర టీకొట్టులో ఈ సంగతి కనీసం నలభై మందికి చెప్పాను. నమ్మనివాడు లేడు. పాలిటెక్నిక్ సగంలో వదిలేశానుగానీ నోరు వదల్లేదు.

సొన్నప్ప ఇరవై ఆరేళ్ళు ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసినవాడు. 2004లో ఫ్యాక్టరీ మూసేశాక, ఎవరో ఇచ్చిన పది రొయ్యలతో ముందుగదిలో తొట్టి పెట్టాడు. తోడుగా రెండు గప్పీ చేపలు. గోరంత రొయ్యలు మూడేళ్ళలో రెండు వందలయ్యాయి. లేతు మీద కొలత తప్పనివాడు ఇక్కడా తప్పలేదు. కొత్త మొక్క ఏది వచ్చినా ముందు పాత పెయింటు బకెట్లో ఇరవయ్యొక్క దినాలు ఉండాలి, రెండు రోజులకోసారి నీళ్ళు మారాలి. నర్సరీలో కొట్టే పురుగుమందు ఆకుల్లో నిలిచిపోతుందట; చేపలకు ఏమీ కాని మోతాదుకే రొయ్యలు చస్తాయట.

"మొక్కకా మామా, బాలింతకా ఇదంతా?" అని ఏడిపించేవాణ్ణి.

"తొట్టిలో బిడ్డలుండాయి గదప్పా" అనేవాడు.

2007లో కుందలహళ్ళి ఆఫీసు ఒకదాని నుంచి మోహన్‌కుమార్ అనే ఆయన కబురు పంపాడు. ముందు హాల్లో పెద్ద తొట్టి పెడతారట. రొయ్యలు సొన్నప్పవే, చూసుకునే ఉద్యోగమూ ఆయనదే. ఆదివారం వచ్చి ఇంటి తొట్టి చూస్తానన్నాడు. మూడేళ్ళుగా పని లేని మనిషికి పని. తొట్టిలో చూస్తే రొయ్యల చుట్టూ రాళ్ళూ నాచే, కంటికింపైన మొక్క ఒక్కటీ లేదు.

శుక్రవారం పొద్దున నర్సరీలో గుబురు మొక్కలు కొని నేరుగా ఆయనింటికి తెచ్చాను.

"బకెట్లో పెట్టాల కదప్పా. అంత టైము యాడుండాది?"

"మా ఇంట్లో పెట్టే తెచ్చినా మామా. నిన్నటికి ఇరవయ్యొకటి."

"నీళ్ళు మార్చినావా?"

"పది సార్లు. బట్టలు నానేసేదానికి బకెట్టు లేదని మాయమ్మ తిట్టినాది గూడా."

అమ్మ తిట్టిందన్న ముక్కతో నమ్మాడు. కోతలు కోసేటప్పుడు అలాంటి ముక్క ఒకటి కావాలని నాకు బాగా తెలుసు.

శనివారం పొద్దునకు రొయ్యలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. మొక్కలు పీకేశాం, నీళ్ళు మార్చాం. మధ్యాహ్నానికి ఒక్కటీ మిగల్లేదు. గప్పీలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. వాటినే చూస్తూ సొన్నప్ప అడిగాడు:

"ఎన్ని దినాలు?"

"నిన్న కొన్నా మామా."

ఆదివారం మోహన్‌కుమార్ వచ్చాడు, కాఫీ తాగాడు, వెళ్ళాడు. పని ఇంకెవరికో పోయింది. సొన్నప్ప ఆ తొట్టిలో మళ్ళీ నీళ్ళు పోయలేదు.

రెండేళ్ళయినా నేను కవాతు కథ మానలేదు. మొన్న టీకొట్టులో మంచి ఊపు మీద చెబుతుంటే, వెనక బల్ల మీద ఆయన ఉన్నాడని చూసుకోలేదు. అందరూ నిజమేనా అన్నట్టు ఆయన వైపు తిరిగారు. సొన్నప్ప గ్లాసు కింద పెట్టాడు.

"రొయ్యలు నా మాట యెప్పుడూ వినలేదప్పా. నేనే వీని మాట విన్నా."