వాకబుకు వచ్చిన పెద్దమనిషి

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పుకోలేని సంగతి ఒకటి తొమ్మిదేళ్ళుగా గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. అలాగని నేనేదో కుమిలిపోతున్నానని అనుకోకండి. తిన్నది అరుగుతోంది. పడుకుంటే నిద్ర పడుతోంది. ఇల్లు కళకళలాడుతోంది. చిక్కంతా అక్కడే ఉంది. ఈ సుఖమంతా నేనాడిన ఒక్క అబద్ధం మీద నిలబడిందని నాకొక్కడికే తెలుసు.

మాది నెల్లూరు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగానే మేడ మీద ఒక గది వేయించి కాలేజీ పిల్లలకు అద్దెకివ్వడం మొదలుపెట్టాను. మా వీధిలో సగం మేడగదుల్లో వాళ్ళే. నా నోరు కొంచెం పెద్దది. గదిలో దిగిన రోజే రూల్సన్నీ ఏకరువు పెట్టేవాణ్ణి. మోటారు మీరు వేయకూడదు, మెట్ల మీద చెప్పులు విడవకూడదు, పాట పెడితే పక్కింటికి వినపడకూడదు. పిల్లలు బుద్ధిగా తలలూపేవాళ్ళు. నేను సగం మెట్లు దిగేలోపే పైన పాట మొదలయ్యేది. తిట్టుకుంటూనే ఉండేవాణ్ణి గానీ, సెలవులకు వాళ్ళు ఊళ్ళకు పోతే ఇంట్లో ఏం తోచేది కాదు.

వాళ్ళలో ఒకడు... పేరు మార్చి చెబుతాను, సురేంద్ర అనుకోండి. కొడవలూరు దగ్గర పల్లె. తండ్రి లేడు, వరి సేద్యమంతా తల్లే చూసుకునేది. ఇంజనీరింగులో చేరినప్పుడు ఇంటి బియ్యం మూట భుజాన వేసుకుని మెట్లెక్కాడు. నాలుగేళ్ళ చదువైపోయి గదిలో ఉన్న మిగతా ముగ్గురూ తలో ఊరికీ పోయినా వీడు పోలేదు. కృష్ణపట్నం వైపు ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కంపెనీ బస్సు మా వీధి మలుపులోనే ఆగుతుంది. ఇంకేం, ఆ గదిలోనే ఉండిపోయాడు.

నాకు నడుం పట్టేసి మంచం దిగలేని పది రోజులూ నన్ను లేపి నడిపించింది వాడే. గ్యాస్ బండ మార్చేదీ, నీళ్ళ ట్యాంకు కడిగేదీ వాడే. ఎవరూ చెప్పకుండానే. ఇలాంటి పిల్లవాణ్ణి రోజూ చూస్తుంటే ఆడపిల్ల తండ్రికి ఏమనిపిస్తుంది? నాకూ అదే అనిపించింది. కులం కూడా ఒకటే. మా అమ్మాయి అప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది.

మరి అడగొచ్చు కదా? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు. అడగలేదు. పొగరు. అద్దెకున్న పిల్లవాణ్ణి ఓనరే నోరు తెరిచి అడిగితే వీధిలో ఊరుకుంటారా? అల్లుడి కోసమే మేడ మీద గది కట్టినాడని నవ్వుకోరూ? వాళ్ళమ్మే ఎప్పుడో మా పిల్లను చూసి, ఆమె నోటితోనే ఆమె అడగాలని నా ఆశ. అలా చూస్తూ కూర్చున్నాను.

నేను చూస్తుండగానే వాకాడు వైపు నుంచి వాడికి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులు కూడా అయిపోయాయి. తిరిగొచ్చి ఫోనులో ఆ పిల్ల ఫొటో నాకు చూపించాడు. ఊరికే నవ్వుతానే ఉంది అంకుల్ అని వాడూ నవ్వాడు. బాగుందిరా అన్నాను. ఫోను వాడి చేతిలో పెట్టేశాను.

తర్వాత వారం పిల్ల తండ్రి మా ఇంటికి వచ్చాడు. పట్టపగలు, పదకొండు గంటలప్పుడు. సురేంద్ర డ్యూటీలో ఉన్నాడు, మా ఆవిడ బజారుకు పోయింది, అమ్మాయి కాలేజీలో ఉంది. ఆయన వచ్చింది వాకబుకు. పిల్లవాడు అద్దెకున్న ఇంటి ఓనరును అడగకుండా మా వైపు పిల్లనివ్వరు. చుట్టాలు పొగుడుతారు, స్నేహితులు దాస్తారు, ఓనరు మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాడని అందరి నమ్మకం. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, సేద్యం చేసి కాయలు కాసిన చేతులు. కుర్చీ అంచున కూర్చున్నాడు. నేనే మజ్జిగ తెచ్చిచ్చాను.

"పిల్లోడు అయిదేళ్ళ నుంచి మీకాడే ఉండాడంట గదన్నా. ఎట్టాంటోడు? మాకు ఒక్కతే పాప," అన్నాడు.

"మంచోడేనన్నా," అన్నాను.

అక్కడ ఆగితే సరిపోయేది. నేను మాట ఆపాను గానీ, మొహం ఆపలేదు. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఏందన్నా, ఏమన్నా ఉంటే చెప్పండి. నాకాడ దాచబాకండి."

"నన్నడగబాకన్నా. వయసు పిల్లకాయలు. ఏదో ఆదివారాలు..."

"తాగతాడా?"

"వారానికి ఒకసారేలే. పెళ్ళయితే మానుకుంటారు."

నోరు జారలేదు. ఆలోచించే అన్నాను. ఆయన సగం తాగిన మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. లేచి, నా రెండు చేతులూ పట్టుకుని, "నిజం చెప్పినారు. మీరు చల్లంగుండాల," అని వెళ్ళిపోయాడు.

సురేంద్ర నోట్లో మందుచుక్క పడడం నేనెన్నడూ చూడలేదు. ఆదివారాలు వాడు చేసే పని బట్టలు ఉతుక్కోవడం, చేపల పులుసు వండుకోవడం. ఒక గిన్నె మాకు కూడా దించేవాడు. ఆ ఆదివారం కూడా దించాడు. నేను తిన్నాను. రెండోసారి కూడా వేయించుకున్నాను.

వాకాడు వాళ్ళు మళ్ళీ పలకలేదు. అంతటితో పోయిందా? ఆ మాట ఆయనతో పాటే బస్సెక్కి పోయి చుట్టాలందరిలో తిరిగింది. ఆ ఏడాది ఇంకో రెండు సంబంధాలు వాకబు దగ్గరే వెనక్కి పోయాయి. ఎందుకో ఎవరూ చెప్పరు. ఇలాంటివి మొహం మీద చెప్పరు కదా. ఒక సాయంత్రం వాడు మెట్ల మీద కూర్చుని, నాలో ఏం తక్కువ అంకుల్ అని అడిగాడు. కళ్ళలో నీళ్ళు. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. నీకేం తక్కువరా రాజా అన్నాను. ఛీ! ఆ చెయ్యి ఎలా లేచిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొన్నాళ్ళకు వాళ్ళమ్మ వచ్చి మా వరండాలో కూర్చుని ఏడ్చింది. నేను గొంతు సవరించుకుని, మా పిల్లనిస్తామమ్మా అన్నాను. ఆమె లేచి నా కాళ్ళకు దండం పెట్టబోయింది. ఇంత పెద్ద మనసు ఎవరికుంటుందన్నా అంది. నేను మొహమాటంగా నవ్వుతూ నిలబడ్డాను. టికెట్ లేనివాళ్ళను నడిరోడ్డు మీద దించేసిన కండక్టర్ని, ఆ రోజు టికెట్ లేకుండా దర్జాగా కిటికీ సీట్లో కూర్చున్నాను.

పెళ్ళయింది. మా అమ్మాయి సుఖంగా ఉంది. వాడూ సుఖంగానే ఉన్నాడు. మేడ మీద ఇంకో రెండు గదులు వేసి వాళ్ళిద్దరూ పైనే కాపురం పెట్టారు. మనవరాలికి ఆరేళ్ళు, మెట్లన్నీ దానివే. పాత గదిలో ఇప్పటికీ కాలేజీ పిల్లలే ఉన్నారు. ఎవరైనా వాకబుకు వస్తే నేను పొగడ్తలు మొదలుపెడతాను. సిగరెట్లు ఊదే పిల్లవాణ్ణి కూడా దేవుడంటాను. అదీ అబద్ధమే. పాత అబద్ధానికి కొత్త అబద్ధంతో పరిహారం కడుతున్నానా? ఏమో.

నిజం చెప్పమంటారా? ఆ రోజు మళ్ళీ వస్తే ఏం చేస్తావని నన్ను అడిగితే, మనవరాలి మొహం గుర్తొచ్చి నాకు జవాబు రాదు. తప్పు చేసినందుకు కంటే, జరగకపోతే బాగుండునని అనుకోలేకపోతున్నందుకే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నానంటే, పోయిన నెల ఒక పెళ్ళిలో ఆ వాకాడు పెద్దమనిషి కనిపించాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టి పక్కన కూర్చున్నాడు. అంతలో మా అల్లుడు పాపను ఎత్తుకుని వచ్చి, మామా, పంక్తి లేస్తా ఉంది, రండి అని పిలిచి వెళ్ళాడు. ఆయన వాడి వైపే చూశాడు. చాలాసేపు చూశాడు. మీ అల్లుడా అని అడిగాడు. అవునన్నాను. ఆయన మొహం పాలిపోయింది. నా కోసం.

"అయ్యో, అన్నా! మా పిల్లను కాపాడినారు. తెలిసి తెలిసి మీ పిల్లనిచ్చుకున్నారా?" అన్నాడు. తర్వాత నా చెవి దగ్గరకు వంగి, "మానినాడా?" అని అడిగాడు.

దేవుడు నా ముందు పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు. ఒక్క మాట చాలు. వాడెప్పుడూ తాగలేదన్నా అంటే అయిపోయేది.

"మానేసినాడులే అన్నా," అన్నాను.

ఆయన తేలిగ్గా ఊపిరి వదిలాడు. పోనీలే, మీ మంచితనమే కాపాడింది అన్నాడు. మీ పాప ఎట్టుందని అడిగాను. "ఉండాదిలే," అన్నాడు. అంతే అన్నాడు. బాగుందో బాగాలేదో ఆ మాటలో తెలియలేదు. అడిగే మొహం నాకు లేదు.

ఈ రోజు ఆదివారం. పైన పులుసు పెట్టారు, వాసన కిందికి వస్తోంది. కాసేపట్లో మనవరాలు గిన్నె తీసుకుని మెట్లు దిగుతుంది. నేను తింటాను. రుచిగానే ఉంటుంది, అదేం మారదు. మీరు నన్ను క్షమించాలని అడగడం లేదు. మీరెవరు క్షమించడానికి, నేనెవర్ని అడగడానికి? ఆయనకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చీ చెప్పని మాట ఒకటి ఉండిపోయింది. మా అమ్మాయికి చెప్పలేను, వాడికి అసలే చెప్పలేను. మీకు చెబుతున్నాను, వినండి చాలు.

ఆ పిల్లోడు తాగడన్నా. ఆ రోజు కూడా తాగడు.